చుట్టరికం లేని ఏడుపు

మా నాన్న డొనాల్ చనిపోయినప్పుడు ఆట్రాక్టాను మేం కుటుంబంలో కూర్చోనివ్వలేదు. పదకొండేళ్లు ఆమె ఆయనతో ఒకే ఇంట్లో ఉంది. నాకు వండిపెట్టింది, చివర్లో ఆయన మంచాన పడితే పక్కబట్టలు మార్చింది. పెళ్లి మాత్రం కాలేదు. మా అమ్మ ఎప్పుడో లివర్‌పూల్ వెళ్లిపోయింది గానీ విడాకులివ్వలేదు. అంత్యక్రియలకు అమ్మ నల్లకోటు వేసుకుని దిగితే, బ్రీడ్ అత్త ఆమెను చర్చిలో ముందు బెంచీ మీద నా పక్కన కూర్చోబెట్టింది.

ఐర్లండ్‌లో మా మేయో వైపు ఊరంతా వరుసగా వచ్చి, ముందు బెంచీవాళ్ల చేతులు పట్టుకుని, "మీకింత కష్టం వచ్చినందుకు బాధగా ఉంది" అని ఆ ఒక్క మాటే చెప్పి వెళ్తారు. ఆ వరుసలో ఆట్రాక్టా పాలవాడి వెనక నిలబడి వచ్చింది. నాకూ ఆ మాటే చెప్పింది. నాకప్పుడు ఇరవై ఏళ్లు. జరిగి చోటివ్వగలిగేవాణ్ణి. ఇవ్వలేదు.

ఆ రోజు ఆమె ఏడవలేదు. సోమవారం మామూలుగానే చేపల ఫ్యాక్టరీకి వెళ్లి కానాగంతలు కోసింది. మాంసం కొట్టు మీద ఒక గది అద్దెకు తీసుకుంది. టీవీ ముందు ఏడవడం ఆ గదిలోనే మొదలైంది. ఎక్కడ వరదొచ్చినా, ఎక్కడ గని కూలినా పోయినవాళ్ల పేర్లు నేర్చుకునేది.

మరుసటి నవంబరులో నార్వేలో ఒక పడవ తగలబడి ముప్పై ఒక్కరు పోయారు. ఆట్రాక్టా రెండు రోజులు సెలవు పెట్టింది. నా ఉత్తరాలేవో పొరపాటున ఆమెకు వస్తే తెచ్చుకోవడానికి ఆ గదికి వెళ్లాను. బల్ల మీద పేపర్లోంచి కత్తిరించిన బొమ్మ, దాని ముందు కొవ్వొత్తి. కళ్లద్దాల ముసలాయన, పేరు టోర్లైఫ్.

"తేనెటీగలు పెంచేవాడట పాపం," అంది ముక్కు తుడుచుకుంటూ.

మా నాన్న పావురాలు పెంచేవాడు. గదంతా వెతికాను, ఆయన ఫొటో ఎక్కడా లేదు. చచ్చిపోయిన ఒక నార్వే ముసలాణ్ణి చూసి నాకు ఒళ్లు మండింది.

నాన్న మొదటి ఏడాది పూజ ఆదివారానికి రాయించడానికి చర్చి ఆఫీసుకు వెళ్తే, అక్కడా ఆమే ఉంది. పోయినవాళ్ల కోసం పూజ చేస్తామని ఫాదర్ సంతకం చేసి ఇచ్చే కార్డు కొంటోంది.

"వాళ్లు లూథరన్లు కదే, పోయినవాళ్లకు పూజలు చేయించరు! నీ కార్డు చూసి హడలిపోతారు," అంది గుమాస్తా ఫిలోమినా. "నార్వేలో నీకు చుట్టాలెక్కణ్ణుంచి ఊడిపడ్డారు?"

"సంతకం బాగుందనుకుంటార్లే. స్టాంపు అంటించు."

ఆమె వెళ్లాక అడిగాను, నాన్న పేరున ఎప్పుడైనా కార్డు కొందా అని.

"లేదు. కొంటే ఎవరికి పంపుతుంది బాబూ? కార్డు పోయినవాళ్ల ఇంటికే కదా వెళ్లేది. మీ అమ్మకు పంపాలా?"

ఆ మాటకు కోపం తగ్గాల్సింది, తగ్గలేదు. ఎలాగైనా ఆమెను ఈసారి ముందు బెంచీలో కూర్చోబెట్టాలి, నాన్న కోసం ఆమె ఏడవడం చూడాలి అనుకున్నాను.

శనివారం టౌన్ హాల్లో నార్వే వాళ్ల కోసం సంతాప పుస్తకం తెరిచారు. ఆట్రాక్టా వంగి రాస్తుంటే వరుస తప్పించి ముందుకెళ్లాను.

"కొర్మాక్! నువ్వూ రాస్తావా?"

"రాయను. రేపు పన్నెండింటికి నాన్న పూజ. వచ్చి నా పక్కన కూర్చో."

"రేపు పన్నెండింటికి రేవు దగ్గర వీళ్ల కోసం మౌనం పాటిస్తున్నారు. వస్తానని మాటిచ్చాను."

"ఎవరికిచ్చావు, ఆ తేనెటీగల ముసలాడికా? నాన్న కోసం ఒక్క చుక్క కార్చావా నువ్వు?"

వెనక ఎవరో "సిగ్గులేదూ" అన్నారు, నన్నో ఆమెనో తెలియలేదు. మర్నాడు ముందు బెంచీలో నేనొక్కణ్ణే కూర్చున్నాను. జనవరిలో ఆమె దూరంగా కిల్లీబెగ్స్ చేపలరేవులో పని దొరికి వెళ్లిపోయింది. నేనామెను ఆఖరుసారి చూసింది ఆ హాల్లోనే. నేనడిగినదానికి ఆమె కలం మూత పెట్టి, కోపం లేకుండానే అంది:

"మీ నాన్న కోసం ఏడవాలంటే నేనాయనకు ఏమవుతానో ముందు మీ అత్తకు చెప్పుకోవాల్రా. వీళ్ల కోసమైతే ఎవరూ అడగరు. జరుగు, నీ వెనక జనం ఉన్నారు."