కాళ్ళతో వేసిన బొమ్మ

మా యాంగోన్ హోటల్లో నేల తుడిచే తాత రోజూ ఒక బొమ్మ ముందు చెప్పులు విప్పి నిలబడేవాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఒక జపాను చిత్రకారుడు వేసినదది. నలుపు, ఎరుపు రంగు ముద్దలే తప్ప అందులో రూపమంటూ లేదు.

"దేవుడనుకున్నావేటి తాతా?" అన్నాను ఒకరోజు, కౌంటర్లోంచి నవ్వుతూ.

"దేవుడేటి తల్లీ. ఇది కాళ్ళతో ఏసింది. సెయ్యి ఇలగ తిరగదు. ఆరబోసిన వొడ్ల మీదికి సెప్పులతో ఎవులెళ్తారు?"

పాలరాతి మీద కుడికాలు ఈడ్చి, బొమ్మలోని ఎర్రటి వంపును అచ్చంగా అలాగే తిప్పి చూపించాడు. వయసులో అహ్లోన్ బియ్యం మిల్లులో ఉడికించి ఆరబోసిన వడ్లను కాళ్ళతో తిరగేసిన మనిషి. బొమ్మ కింది ఇంగ్లీషు చీటీ ఆ రోజే మొదటిసారి చదివాను. ఆయన చెప్పిందే అందులోనూ ఉంది.

షుగరు ముదిరి ఆ కాలు తీసేశాక, తామ్వేలో వాళ్ళింటికి వెళ్ళాను.

"బొమ్మ బాగుందా?" అని అడిగాడు.

యజమాని దాన్ని అప్పటికే అమ్మేశాడు.

"బాగుంది తాతా."

"నాను రాలేను గదా. నువ్వెళ్ళి సూడు. సెప్పులిప్పి."

మర్నాడు ఖాళీ గోడ ముందు చెప్పులు విప్పి నిలబడ్డాను. కౌంటర్లో కొత్తగా చేరిన పిల్ల నవ్వింది, అప్పుడు నేను నవ్వినట్టే.