ఉమ్మడి అకౌంటు

సోమవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి కరెంటు వచ్చింది. కంప్యూటర్ వేసి, కొత్త ప్రింటర్ ఎక్కిద్దామని పాస్‌వర్డ్ కొట్టాను. ఈ పేరుకు ఆ అధికారం లేదనీ, ఈ ప్రయత్నం పైకి తెలియజేస్తామనీ ఇంగ్లీషులో వచ్చింది. పైన అంటే ఎవరో అప్పటికి నాకు తెలియదు.

ముదిగుబ్బలో బావుల నీటిమట్టం నమోదు చేసే చిన్న సంస్థ మాది. ఆ మిషన్‌లో విండోస్ బదులు లినక్స్ ఎక్కించింది నేనూ, నాకన్నా పెద్దవాడైన ఒక సహోద్యోగీ. అన్నా అని పిలిచేవాణ్ని. ఒకే అకౌంటు, ఏదైనా ఎక్కించే, మార్చే అడ్మిన్ హక్కులన్నీ దానికే. తలా ఒక పేరు పెట్టుకుందామంటే, "మనలో మనకు వేరే ఏంటికప్పా" అన్నాడు. తర్వాత చేరిన ఇద్దరూ ఆ పేరుతోనే పని చేశారు.

ముందు వారం కుందుర్పి వైపు బావుల లెక్కలు పోయాయి. ఆ అకౌంటు నుంచే ఎవరో తుడిచేశారు. ఎవరన్నది మిషన్ చెప్పలేదు. దానికి మేమందరం ఒకటే పేరు. అన్న ఎవరినీ అడగలేదు. ఆదివారం ఒక్కడే వచ్చి, ఉమ్మడి అకౌంటుకు ఆ హక్కులు తీసేసి, తనకొక్కడికి వేరే అకౌంటు పెట్టుకున్నాడు. ఆయన వచ్చాక అడిగితే ఇదంతా తనే చెప్పాడు, దాచలేదు.

హక్కులు తీసేయడం తప్పని ఇప్పటికీ అనుకోను. పిలిచి ఉంటే పక్కన కూర్చుని నేనే తీసేవాణ్ని.

"నాకొక మాట చెప్పింటే సరిపోయేది గదన్నా."

"చెప్పింటే ఏమంటావు? నేను తుడ్చలేదంటావు. వాళ్లూ అదే అంటారు."

"నేనూ వాళ్లూ ఒకటేనా?"

"ఆ పేరుతో నలుగురు చేస్తాండాం. నలుగురిలో నువ్వొకడివి."

"నువ్వూ ఒకడివే గదా."

ఆయన నవ్వాడు. "నా మీద నేనే అనుమానపడాల్నా ఏమప్పా?"

ఆ తర్వాత చిన్న మార్పు కావాలన్నా ఆయన్నే పిలిచేవాణ్ని. ఆయన పాస్‌వర్డ్ కొడుతుంటే తల పక్కకు తిప్పుకునేవాణ్ని. తిప్పుకోమని ఆయన ఎప్పుడూ అనలేదు. అక్కర్లేదనీ అనలేదు.

కొన్నేళ్లకు గుండెపోటుతో పోయాడు. గోరంట్ల దగ్గర వాళ్ల ఊరికి పోయి మట్టి వేసి వచ్చాను. తమ ఇంటికి రావడం ఎందుకు మానేశావని ఆయన భార్య అడిగింది. పని ఎక్కువైందన్నాను. తుడిచింది ఎవరో తేలలేదు. నేను కాదని ఆయన నమ్మాడో లేదో, అదీ తేలలేదు.

ఇప్పుడు ఆఫీసులో ఎవరి అకౌంటు వాళ్లదే. ఒకరి పాస్‌వర్డ్ ఒకరికి చెప్పుకోవడం లేదు.