మూలకు వదిలిన పరిగె

మొన్న మా మనవరాలు తన ఫోన్‌ను నా చేతిలో పెట్టి, ఇందులో ముత్యం ఎక్కడుందో వెతికిపెట్టమంది. చూస్తే సముద్రపు అడుగు. మునిగిపోయిన ఓడ, పాచి, చేపలు, పగిలిన కుండలు, ఆ గందరగోళంలో దాచిన వస్తువులను ఒక్కొక్కటే పట్టుకుంటూ పోతే ఓడలో చిక్కుకున్న జలకన్య బయటపడుతుందట. ఈ ఆటను నేను ఎరగనిదాన్నా! సూర్యాపేటలో మా ఇంట్లో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే మిర్యాలగూడలోని మా పాత డీటీపీ షాపులోకి వెళ్లిపోయాను.

పెళ్లిపత్రికలు, మిల్లులవాళ్ల బిల్లు పుస్తకాలు అచ్చుకు సిద్ధం చేసే ఆ చిన్న షాపును మా ఆయనా నేనూ నడిపేవాళ్లం. కంప్యూటర్ కొన్నప్పుడు ఊరికే ఇచ్చిన సీడీలో ఇలాంటిదే ఒక ఆట ఉండేది. గంటలో అయిపోయే చిన్న ఆట, కానీ మళ్లీ మొదలుపెడితే వస్తువులు చోట్లు మారి ఉండేవి కాబట్టి విసుగు పుట్టేది కాదు. బడి విడిచాక మా అమ్మాయి, నాన్న పోయాక నేరేడుచర్ల నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న మా అమ్మ, ఇద్దరూ దాని ముందు చేరేవారు. అమ్మకు చదువు రాదు. సాగర్ డ్యామ్ నీళ్లు చూసిందే తప్ప సముద్రం ఎరగదు. నేను వస్తువుల పేర్లు తెలుగులో చెబుతుంటే, తాళంచెవి అన్న మాట పూర్తి కాకముందే ఆమె వేలు దాని మీద ఉండేది. ఏళ్ల తరబడి చాటలో బియ్యం పోసుకుని మట్టిగడ్డలు, రాళ్లు ఏరిన కళ్లు మరి. ఆమె ముందు మేమంతా దిగదుడుపే.

కొన్నాళ్లకు అమ్మ ఆట తీరు మారింది. తెర నడిమధ్యన ఉన్నవాటిని ఎప్పటిలాగే పట్టుకునేది గానీ అంచులవి వదిలేసేది. మా అమ్మాయి ఊరుకుంటుందా?

“అమ్మమ్మా, గీ మూలకున్న పీత నీకు కనిపిస్తలేదా?”

“గది పరిగె బిడ్డా. నీకే ఇడిసిన, ఏరుకో.”

పరిగె అంటే ఈ కాలం వాళ్లకు తెలియదు గానీ మన తరం వాళ్లకు చెప్పాలా? కోత అయిపోయాక పొలంలో రాలిన వెన్నులను ఎవరైనా ఏరుకోవచ్చు, అడ్డు చెప్పేవారు ఉండరు. అమ్మ కోతకు పోయిన చోటల్లా గట్టు వెంట నాలుగు వెన్నులు కావాలనే వదిలేది. పిల్లలం వాటిని ఏరి, దుకాణంలో పోసి, మరమరాల ఉండలు తెచ్చుకునేవాళ్లం. అందుకే ఆ జవాబు విని మేమంతా నవ్వుకున్నాం, ఆమె గుణం ఎక్కడికి పోతుంది అనుకున్నాం. ఆమె కూడా అదే నమ్మిందేమో. నడుస్తూ గడపపక్క చెంబును తన్నినప్పుడు, తలుపు అంచుకు భుజం కొట్టుకున్నప్పుడు, నీ కళ్లు నెత్తికెక్కినయే అమ్మా అని ఆటపట్టించాం కూడా.

ఒకరోజు రోడ్డు దాటుతూ పక్క నుంచి వస్తున్న ఆటోను చూసుకోలేదు. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే, కానీ అంత పెద్ద ఆటో ఎట్లా కనిపించలేదన్న గుబులు పట్టుకుని కోదాడలో కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. నీటికాసులు, అంటే గ్లకోమా అన్నాడాయన. నొప్పి తెలియకుండా చూపును అంచుల నుంచి మధ్యకు తింటూ వస్తుందట. పోయింది తిరిగి రాదు, మిగిలినదాన్ని మందు చుక్కలతో వీలైనన్నాళ్లు కాపాడుకోవాలి, ఇంకొంచెం ముందు వస్తే బాగుండేది అన్నాడు.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. మిర్యాలగూడ దగ్గర పడ్డాక నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది:

“అయితే నేను పిల్లకు ఇడిసినయన్నీ నాకు కనవడనియేనా బిడ్డా?”

నాకు ఏడుపొచ్చింది. ఆ తరువాత ఆమె ఆ ఆట ముందు కూర్చోలేదు, మా అమ్మాయి ఎంత బతిమాలినా రాలేదు. చుక్కలు వేస్తూనే ఉన్నాం గానీ కొన్నేళ్లకు మిగిలిన చూపూ పోయింది. అయినా చాటలో బియ్యం పోసి ఇమ్మనేది, వేళ్లతో తడుముతూ రాళ్లకోసం వెతికేది. అప్పటికే మిల్లు బియ్యంలో ఏరడానికి ఏమీ ఉండేది కాదు. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి మాకు నోరు రాలేదు.

ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి, వాటి వెనక పరిగె ఏరుకునే పిల్లలు ఎక్కడా కనిపించరు. ఆటలు మాత్రం జేబులోకి వచ్చేశాయి. నాకూ అమ్మ వయసే వచ్చింది. ఏడాదికోసారి కళ్లు చూపించుకుంటాను, అయినా ఏ బొమ్మ ఇచ్చినా ముందు మూలలే చూస్తాను. ముత్యం నడిమధ్యన మెరుస్తుంటే మూలలు వెతుకుతావేమిటని మనవరాలు విసుక్కుంది.

ఎడమ మూలన, బండ కింద, ఒక పీత ఉంది. కనిపించింది, అమ్మయ్య అనుకున్నాను. నేను నొక్కకుండా ఉంటే మనవరాలే చూసి నొక్కి, నీకు కనిపించలేదా అమ్మమ్మా అని గెలిచినట్టు నవ్వింది. నీకే వదిలాను అనబోయాను. ఆ మాట మింగేసి, మిగిలిన మూడు మూలలూ వెతికాను.