ఎనిమిది మెడల క్యాపిటల్ రిపేరు

మా అమ్మకి ఎనిమిది మెడలుండేవి, తన సొంతది కాక.

భిలాయి పవర్ హౌస్ మార్కెట్లో ఒక చీరల దుకాణం ఉంది. దాని గుమ్మం దాటగానే ఎడమచేతి వైపు, ఒక మనిషి కూర్చుని ఇంకో మనిషి నిలబడడానికి సరిపడా జాగాలో, అమ్మ వన్ గ్రామ్ గోల్డ్ నగలు అమ్మేది. హారాలు తగిలించి చూపించే వెల్వెట్ స్టాండ్లుంటాయి కదా, తలా చేతులూ లేకుండా మెడ, భుజాలు మాత్రమే ఉండేవి, వాటిని మా ఇంట్లో అందరం మెడలనే అనేవాళ్ళం. "వానొచ్చేలా ఉంది, మెడలు లోపల పెట్టీసి వస్తున్నాను" అని అమ్మ ఫోన్లో అంటే మాకు ఏమీ అనిపించేది కాదు. పక్కన చుట్టాలుంటే మాత్రం వాళ్ళు కొంచెం సర్దుకుని కూర్చునేవారు.

ఆ కౌంటరుకి ముందు అమ్మ చాలా ఏళ్ళు సూట్‌కేసులో నగలు పెట్టుకుని స్టీలు ప్లాంటు టౌన్‌షిప్ సెక్టార్లన్నీ తిరిగింది. క్వార్టర్ల వాళ్ళు మంచినీళ్ళిచ్చి, హారాలన్నీ మెడలో వేసుకుని అద్దంలో చూసుకుని, "మళ్ళీ నెల రండి" అనేవారు. కౌంటరు దొరికాక ఆవిడకి స్టూలు వచ్చింది, ఫ్యాను వచ్చింది, మార్కెట్లో 'జువెలరీ దీదీ' అన్న పేరొచ్చింది. ప్లాంటులో మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌గా రిటైరైన మా నాన్నని కూడళ్ళలో 'జువెలరీ దీదీ వాళ్ళాయన' అనడం మొదలుపెట్టారు. ఆయన దాని గురించి ఏమీ అనలేదు. అంటే, నాలుగైదు సార్లకి మించి అనలేదు.

సమస్య మెడల దగ్గర వచ్చింది. కొన్నప్పుడు మంచి మెరూన్ రంగు. భిలాయి ధూళి, చేతుల చెమట, పక్క దుకాణం అగరుబత్తి బూడిద కలిసి, కొన్నాళ్ళకి అవి ఏ రంగో చెప్పడానికి సాక్షులు కావలసి వచ్చింది. హారం ఆనేచోట నూగంతా రాలిపోయి, గుండ్రంగా బట్టతల పడింది. అమ్మ ప్రతి వారం పాత టూత్‌బ్రష్‌తో దువ్వేది. ఇస్త్రీపెట్టె ఆవిరి పట్టించి, పడుకున్న నూగును లేపేది. అది ఆ పూటకి లేచి, సాయంత్రానికి మళ్ళీ పడుకునేది. మా ఇంట్లో నా దినచర్య కూడా ఇంచుమించు అదే కాబట్టి నేను విమర్శించలేదు. నేను అప్పటికి ఎమ్మే పూర్తిచేసి, ఆ చదువును ప్రధానంగా సంచులు మోయడానికి వాడుతున్నాను.

ఒక బుధవారం చీరల దుకాణం యజమాని వచ్చి మెడల ముందు నిలబడ్డాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచడు. "దీదీ, దుల్హన్ కా గలా ఐసా హోతా హై క్యా?" అన్నాడు. పెళ్ళికూతురి మెడ ఇలాగే ఉంటుందా అని. సోమవారం నుంచి పెళ్ళిళ్ళ సరుకు పెడుతున్నాననీ, గుమ్మంలో మొదట కనబడేది ఈ మెడలేననీ, సోమవారానికి ఇవి మారకపోతే ఆ జాగా మొబైల్ కవర్ల వాడికి ఇచ్చేస్తాననీ చెప్పి, టీ తెప్పించి మరీ వెళ్ళాడు. అమ్మ ఆ టీ తాగలేదు. కొత్త స్టాండ్ల కోసం రాయ్‌పూర్ ఫోన్ చేస్తే పది రోజులు పడుతుందన్నారు.

"సూట్‌కేసు ఇంకా అటక మీదే ఉందా?" అని ఆ రాత్రి అన్నం తింటూ అడిగింది. అడిగిన తీరు చూసి మా నాన్న ముద్ద కింద పెట్టాడు.

"అది ఎందుకే ఇప్పుడు? మెడలు నాకు అప్పగించు. బ్రష్షులూ ఆవిర్లూ అంతా ప్యాచ్ వర్కు. దీనికి క్యాపిటల్ రిపేరు చెయ్యాల."

ప్లాంటులో పెద్ద యంత్రాన్ని పూర్తిగా ఆపి, విప్పి, లోపలి నుంచి బాగుచేయడాన్ని అలా అంటారు. మా నాన్న ఇంట్లో కూలర్ని, కుక్కర్ని, ఒకసారి మా మేనత్త పళ్ళసెట్టుని ఆ స్థాయికి తీసుకెళ్ళిన అనుభవం ఉన్నవాడు.

శనివారం పొద్దున్న క్వార్టరు వరండాలో న్యూస్‌పేపర్లు పరిచి ఎనిమిది మెడలూ వరసలో నిలబెట్టాడు. అమ్మ మెడల్లేని కౌంటరుకి వెళ్ళి, హారాలు తువ్వాలు మీద పరుచుకుని కూర్చుంది. మేము పాత వెల్వెట్ ఒలిచేశాం. అడుగున తెల్లటి బొమ్మ మీద ఎండిన జిగురు పెచ్చులు పెచ్చులుగా ఉంది.

"సర్ఫేస్ ప్రిపరేషనే సగం పని" అన్నాడు నాన్న, థిన్నర్ డబ్బా మూత తీస్తూ.

ప్లాంటు మనుషులకి థిన్నర్ మీద ఉన్న నమ్మకం దేవుడి మీద ఉందని చెప్పలేను. గ్రీజు మరక, రంగు మరక, జిగురు, ఏదైనా థిన్నరే. ఆకారమున్న వస్తువేదైనా ఇనుమే అయి ఉంటుందన్నది వాళ్ళ రెండో నమ్మకం. ఇంకోటి కూడా ఉంది: పని బ్యాచ్‌లో చేయాలి, ఒక్కొక్కటి చేస్తే లేబర్ దండగ. కాబట్టి నాన్న మొదటి మెడకి పూసి ఫలితం చూడలేదు. ఆ చివర నుంచి ఈ చివరకి ఎనిమిదింటికీ దిట్టంగా పూసుకుంటూ వచ్చి, అప్పుడు వెనక్కి తిరిగాడు.

అవి థర్మోకోల్ మెడలు.

మొదటిది అప్పటికే భుజాలు దించేసింది. రెండోది సిగ్గుపడినట్టు లోపలికి ముడుచుకుంటోంది. సన్నగా చిటపటమని చప్పుడు. నేను బకెట్ నీళ్ళు తెచ్చేసరికి ఎనిమిదీ ఎనిమిది రకాల తాటిముంజెల్లా తయారయ్యాయి. నాన్న చాలాసేపు చూసి, "జిగురు మాత్రం వచ్చీసింది" అన్నాడు.

మధ్యాహ్నం భోజనానికి అమ్మ వచ్చింది. వరండాలో ఆగింది. మేమిద్దరం కాస్త దూరంగా, చెట్టుని పరిశీలిస్తున్నాం. తిడుతుందని సిద్ధపడ్డాం. తిట్టలేదు. వంగి ఒక ముద్దను తీసుకుని, దాని భుజం ఉండాల్సిన చోట వేలితో తడిమి, కింద పెట్టింది.

"సోమవారం నాకు కూసోడానికి జాగా ఉండాల. మీరేటి చేస్తారో నాకు తెల్దు" అంది, నాన్నతో. "మళ్ళీ ఇంటింటికీ తిరిగి తలుపులు కొట్టలేను. నా వల్ల కాదు."

అన్నం తినకుండానే మార్కెట్‌కి వెళ్ళిపోయింది. నాన్న లోపలికెళ్ళి పాంటు వేసుకొచ్చాడు. లుంగీ వదిలి పాంటు వేసుకున్నాడంటే విషయం హథ్‌ఖోజ్ ఇండస్ట్రియల్ ఏరియా వరకూ వెళ్ళిందన్నమాట.

హథ్‌ఖోజ్‌లో మా నాన్నకి పాత శిష్యుడొకడు ఉన్నాడు. శ్రీకాకుళం వైపు నుంచి వెల్డరుగా వచ్చి, ఇప్పుడు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుతున్నాడు. గేట్లు, బీరువాలు, కన్వేయర్ల కవర్లు చేస్తాడు. మా మాట ఓపిగ్గా విన్నాడు.

"మెడలా?"

"మెడలే. పల్చటి షీటు చాలు."

"ఎవరి మెడలన్నగారూ?"

"ఆడవాళ్ళవిరా. నగలకి."

"డ్రాయింగేదీ మరి? డ్రాయింగ్ లేందే నేను గేటు కూడా చెయ్యను."

నాన్న కింద కూర్చుని చాక్‌పీసుతో నేల మీద గీశాడు. ముందు నుంచి ఒక చిత్రం, పక్క నుంచి ఒక చిత్రం, పైనుంచి ఒక చిత్రం. చాలా శుభ్రంగా వచ్చింది. చూసినవాళ్ళు గ్యాస్ సిలిండర్ అనుకుంటే అది వాళ్ళ తప్పు. కొలతల దగ్గర మాత్రం చాక్‌పీసు ఆగింది.

"వదినమ్మవి ఎయ్యండి, సరిపోతాది" అన్నాడు శిష్యుడు.

నలభై ఏళ్ళ కాపురం చేసిన మనిషి చాక్‌పీసు పట్టుకుని ఆలోచించాడు. తర్వాత ఫోన్ తీశాడు, స్పీకర్ మీద పెట్టాడు. అది ఆయన చేసిన రెండో తప్పు.

"ఏమే, నీ మెడ చుట్టుకొలత ఎంత?"

అవతల మార్కెట్ రొదలోంచి జవాబొచ్చింది.

"ఏటి, ఇప్పుడిది కూడా కరిగించీస్తారా?" అంది అమ్మ, పెట్టేసింది.

శిష్యుడు గబగబా వెల్డింగ్ అద్దాల ముసుగు మొహం మీదికి దించుకున్నాడు. లోపల నవ్వుతున్నాడని భుజాలు చెప్పాయి. నాన్న లేచి, చొక్కా పై గుండీ విప్పి, రెండు చేతులూ కాస్త ఎడంగా పెట్టి నిలబడ్డాడు. "నావే తీసుకోండి. మెడ మెడే కదా." నేను టేపు పట్టాను, శిష్యుడు రాసుకున్నాడు. మెడకీ పొట్టకీ ఏ సంబంధం లేకపోయినా, కొలతలు పూర్తయ్యేదాకా నాన్న పొట్ట లోపలికి పీల్చుకునే ఉన్నాడు.

ఆదివారం పొద్దుటికి మెడలు ఇంటికొచ్చాయి. కటింగులో మిగిలిన షీటు ముక్కలు వంచి, అతికించి, అంచులు అరగదీసి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూసి ఇచ్చాడు శిష్యుడు. ఒక్కోదాని అడుగున చదరపు ప్లేటు, తుఫానొచ్చినా కదలకుండా. అమ్మ ఒకదాన్ని ఎత్తబోయి, ఎత్తలేక, "ఓలమ్మో!" అంది. శనివారం మధ్యాహ్నం తర్వాత ఆవిడ మామూలు గొంతుతో అన్న మొదటి మాట అదే కావడంతో మేమిద్దరం శుభసూచకంగా తీసుకున్నాం.

వెల్వెట్ రంగు దగ్గర చిన్న చర్చ జరిగింది. నలుపైతే బంగారం బాగా కనబడుతుందని నాన్న అన్నాడు. "నల్ల మెడకి నల్లపూసలూ పుస్తెలతాడూ తగిలిస్తే ఎవులు కొంతారు? పెళ్ళివారు గుమ్మంలోంచే తిరిగెళ్ళిపోతారు" అంది అమ్మ. వంగపండు రంగు తెచ్చింది.

ఆ తర్వాత పని పూర్తిగా ఆవిడ చేతుల్లోకి వెళ్ళింది. ఇనుము మీద పల్చటి ఫోమ్, ఫోమ్ మీద వెల్వెట్. జిగురును ముందు ఒక మూల రాసి అరగంట ఆగి చూశాం. పెళ్ళయ్యాక నాన్న అరగంట ఆగడం అదే మొదలని అమ్మ అంది. నేలమీద బాసింపట్టు వేసుకుని, ఆవిడ గుడ్డ కత్తిరిస్తుంటే, ఫోర్‌మన్ జిగురు బ్రష్షు పట్టుకుని ఆజ్ఞ కోసం ఎదురుచూశాడు. నాలుగో మెడ అంటించాక అమ్మ కళ్ళు చికిలించింది.

"ఇది ఎవులంటించారు?"

"నేనే. ఏటి, బుడగలున్నాయా?"

"నూగు పైకి చూస్తంది. మిగతావన్నీ కిందకి చూస్తన్నాయి. లైటు పడితే ఇదొక్కటీ వేరే రంగులో ఉంటాది. పీకండి."

నాన్న పక్కనుంచి చూశాడు, వంగి చూశాడు. నిజమే. ముప్పై ఏళ్ళు పనులు చూసి తప్పులు పట్టిన మనిషి, తను అంటించింది తనే పీకాడు.

సోమవారం పొద్దున్న ఎనిమిది మెడల్నీ రెండు ఆటోల్లో వేశాం. దుకాణం దగ్గరికి వెళ్ళేసరికి మొబైల్ కవర్ల వాడు తన స్టాండుతో సహా మెట్ల మీద నిలబడి ఉన్నాడు. అమ్మ అతన్ని చూడనట్టే చూసి, లోపలికెళ్ళి, మెడల్ని మాచేత వరసలో పెట్టించి, కాసులపేరు, మామిడిపిందెల హారం, చంద్రహారం తగిలించింది. నెక్లెసుల వెనక తాళ్ళు చివరంటా వదలాల్సి వచ్చింది. వెనక్కొచ్చి చూస్తే నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. మా నాన్న ఎనిమిది మందిగా మారి, వంగపండు రంగులో, ఛాతీ విరుచుకుని, హారాలు వేసుకుని నిలబడి ఉన్నాడు.

యజమాని వచ్చాడు. "దీదీ, యే తో పెహల్వాన్ హై" అన్నాడు. ఇవి వస్తాదుల్లా ఉన్నాయని. మొబైల్ కవర్ల వాడు ఒక మెట్టు ఎక్కాడు.

నాన్న ఏదో అనబోయాడు. ఈలోగా చీరల కోసం వచ్చిన ఒకావిడ, పెళ్ళికూతురి తల్లి అని చేతిలోని శుభలేఖల సంచి చెబుతోంది, కాసులపేరు ముందు ఆగిపోయింది. నిండైన మనిషి.

"ఇది నాకు పడతాదా?" అని అడిగింది. "స్టాండు మీద అన్నీ బాగానే ఉంటాయమ్మా. ఇంటికెళ్ళి వేసుకుంటే పీక పట్టీస్తాయి. ఆ బొమ్మల మెడలు ఎవులకుంటాయి?"

"మీకు పట్టేలాగే చేయించాను" అంది అమ్మ. ఇంత సాఫీగా ఆవిడ అబద్ధం చెప్పగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆవిడ వేసుకుంది. అద్దంలో ఇటు తిరిగింది, అటు తిరిగింది. తీయలేదు. దానితోనే చీరల వైపు వెళ్ళి, ఇద్దరు వదినల్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది.

యజమాని లోపలికెళ్ళి, జరీతో బరువెక్కిన ఒక పెళ్ళి పట్టుచీర తెచ్చి, చివరి మెడ భుజం మీద పమిటలా వేశాడు. చేయి తీశాడు. మెడ కదల్లేదు. ఇంకో చీర వేశాడు. కదల్లేదు. పాతవైతే పైట అంచుకే పడిపోయేవి. గుమ్మం వైపు తిరిగి, మొబైల్ కవర్ల వాడితో మెల్లగా, "భయ్యా, నువ్వు దీపావళి తర్వాత కనబడు" అని హిందీలో చెప్పాడు. తన చీరలకి కూడా ఇలాంటివి రెండు కావాలని అమ్మని అడిగాడు.

నాన్న అప్పటికే జేబులోంచి చాక్‌పీసు తీశాడు. ఎవరి మెడలో, ఎలా చేశారో వివరించడానికి ఆ ముగ్గురు ఆడవాళ్ళ వైపు ఒక అడుగు కూడా వేశాడు.

అమ్మ స్టూలు మీద కూర్చుంది. ఫ్యాను వేసుకుంది. ఆయన మోచేయి పట్టుకుని దగ్గరికి లాగింది.

"మీరు ఇంటికెళ్ళండి" అంది, పెదాలు కదలకుండా. "ఇక్కడ నిలబడకండి. పోలిక తెలిసిపోతాది."