కినుగారి మోకాళ్లు, హత్సుగారి సందేహాలు

కనజావా ఊళ్లో హత్సుగారికి ఏ సంగతైనా ఒక్కసారి చెబితే అర్థమైన దాఖలా లేదు. చెత్తబండి ఏ రోజు వస్తుందో చెప్పీ చెప్పీ విసిగి, వీధి సంఘం పెద్ద చివరికి వాళ్లావిడను పంపాడు. అత్తగారితో బయటికెళ్లాలంటే కోడలు చిజురుకు తల ప్రాణం తోకకొచ్చేది.

ఈసారి వెళ్లాల్సింది ఆసుపత్రికి. మోకాళ్ల నొప్పి మాత్రం పక్కింటి కినుగారిది. ఊళ్లో పిల్లలకు ఆవిడ తేనీరు కాచి అందించే మర్యాద నేర్పుతారు. పాఠమంతా చాప మీద మోకాళ్లు మడిచి కూర్చునే చెప్పాలి. మోకాళ్లు అరిగిపోయి, పాఠాలు మానేసే పరిస్థితి వచ్చింది. పోయిన నెల చికిత్సకు ఒప్పుకుని, తీరా ఆ రోజు ఆసుపత్రి మొహమే చూడలేదు. "అయితే నేనూ వస్తాను పద" అని హత్సుగారు బయల్దేరారు. వెనకాల చిజురు.

డాక్టర్ నిషివాకి బొమ్మ గీసి చెప్పాడు. "నొప్పి ఉన్నచోట సన్నటి రక్తనాళాలు కొత్తగా పుట్టుకొస్తాయండీ. గజ్జ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి, మందు నలుసులతో వాటిని మూసేస్తాం."

"అలాగేనండి, అలాగేనండి" అని కినుగారు వంగి వంగి తలూపారు.

"నాకర్థం కాలేదు," అన్నారు హత్సుగారు. "రక్తం ఆపేస్తే కాలు చచ్చుబడదూ?"

"పెద్ద నాళాల జోలికి పోమండీ. అదనంగా పుట్టినవే మూస్తాం."

"అలాగేనండి," అన్నారు కినుగారు.

"మూస్తారా, తెరుస్తారా? మళ్లీ మొదట్నుంచి చెప్పు నాయనా."

పాపం, చెప్పాడు. హత్సుగారు బొమ్మను తలకిందులు చేసి చూశారు. గొట్టం పైకి పోతుందో కిందికి పోతుందో ఇప్పుడు చిజురుకే అయోమయంగా ఉంది.

"అత్తయ్యా, ఇక చాలు. బయట జనం కాచుక్కూర్చున్నారు."

"కూర్చోనీ. మత్తిస్తే ఈవిడ మళ్లీ లేస్తుందా?"

"పూర్తి మత్తు ఇవ్వమండీ. మెలకువగానే ఉంటారు."

ఈసారి 'అలాగేనండి' వినపడలేదు. కినుగారు మెల్లగా తలెత్తారు.

"మెలకువగానే ఉంటానా? మత్తులోనే పోతానేమోనని పోయినసారి రాలేదండీ. మరి, మళ్లీ చాప మీద కూర్చోగలనా?"

"మాటివ్వలేను. అరిగింది తిరిగి రాదు. నొప్పి మాత్రం చాలామందికి తగ్గుతుంది."

"తగ్గితే చాలు. ఈసారి తప్పకుండా వస్తాను."

హత్సుగారు వెంటనే సంచీ తీసుకుని లేచారు.

బస్టాపులో కినుగారు అటు బల్ల మీద కూర్చున్నాక, చిజురు ఉండబట్టలేక అడిగింది. "మీకు ఎప్పటికి అర్థమైంది అత్తయ్యా?"

"మొదటిసారే. కుర్రాడు బాగానే చెప్పాడు. అలాగేనండి అనడమే గానీ, ఆవిడ ఒక్కసారైనా ఆ బొమ్మ వంక చూసిందా? పాఠాలు చెప్పే మనిషి, తెలియలేదనడానికి నామోషీ. నాకేం నామోషీ?"

చిజురుకు అత్తగారి మీద ప్రేమ పొంగుకొచ్చింది. బస్సు ఎక్కుతుంటే గబుక్కున చెయ్యి పట్టుకోబోయింది.

"నా మోకాళ్లకేం రోగం? వెళ్లి ఆవిణ్ణి పట్టుకో," అని కసిరారు హత్సుగారు.