నార్వేలో చలువ పందిరి

తారామణి ముందు మన మణికట్టు పట్టుకుంటుంది. నీడలోకి లాగుతుంది. అప్పుడు మాట్లాడుతుంది. "బాగున్నవా" అన్న మాట ఎండలో ఆమె నోట ఎవరూ వినలేదు.

నాచారంలో మా కింది వాటాలో ఉంటుంది. ఆర్కిటెక్చర్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. చెప్పేది తోటల గురించి, దారుల గురించి, ఇంటికీ ఇంటికీ మధ్య మిగిలే నేల గురించి. భవనాల సంగతి అడిగితే "అవి ఎవలన్నా కడ్తరు" అంటుంది.

ఒక మే నెల మధ్యాహ్నం ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర రెండు ఆటోలు రాసుకున్నాయి. డ్రైవర్లు దిగి కాలర్లు పట్టుకున్నారు. తారామణి వెళ్లి ఇద్దరి మణికట్లూ పట్టుకుంది.

"కొట్టుకోండ్రి, వద్దంటలేను. గని గీ మెట్రో కిందికొచ్చి కొట్టుకోండ్రి. ఎండకు దిమాక్ ఖరాబైతది."

వాళ్లు వచ్చారు. మెట్రో పిల్లర్ నీడలో నిలబడ్డారు. ఎక్కడిదాకా తిట్టుకున్నారో ఇద్దరికీ గుర్తు రాలేదు. ఆమె అప్పటికే ట్రాఫిక్ కానిస్టేబుల్ కోసం మళ్లీ ఎండలోకి వెళ్లింది.

"డ్యూటీల ఉన్న మేడం" అన్నాడాయన.

"నీడల నిలవడి జేస్తే జీతం ఇయ్యరా?"

ఆ రోజు బండ్లు హబ్సిగూడ దాకా ఆగాయి.

నేను నారపల్లిలో ప్లాటు చూడబోతూ ఆమెను తోడు తీసుకెళ్లాను. అది నా తెలివి. కొత్త వెంచరు, రాళ్లు పాతారు గాని ఒక్క చెట్టు లేదు. అమ్మే కుర్రవాడిని, కొనడానికి వచ్చినవాళ్లందరినీ ఆమె అక్కడి పెద్ద హోర్డింగు నీడలోకి చేర్చింది. పొద్దు జరిగింది. నీడ జరిగింది. జనం నీడతో పాటు జరిగారు. సాయంత్రానికి అందరం పక్క వెంచరులో ఉన్నాం. ఇద్దరు అక్కడ అడ్వాన్సు కూడా ఇచ్చారు.

వాళ్ల మరిది పెళ్లి ఫోటోల్లో అందరూ చీకట్లో ఉంటారు. పెళ్లి పగలే జరిగింది.

నా ఫిర్యాదు ఒకటే. ఆమె అడగదు. ఎదుటివాళ్లకు ఎండ కావాలేమోనని ఆమెకు ఎన్నడూ తోచలేదు. ఉప్పల్లో ఉన్నవాళ్లకు తోచదు కూడా.

నిరుడు వేసవిలో నార్వేలోని ఒక చిన్న ఊళ్లో కోర్సుకు ఆమెకు సీటు వచ్చింది. ఆరుబయటి నేలను ఎలా తీర్చాలో నేర్పే చదువు. చేరినవాళ్లంతా కుర్రకారు, ఈమెకు నలభై దాటింది. చివరన ఎవరికి వాళ్లు ఏదో ఒకటి నిజంగా కట్టాలి. వాటిలో ఒకదాన్ని ఎంచి అక్కడే ఎప్పటికీ ఉంచేస్తారు. తారామణి వెళ్లింది దానికోసం. ఆమె గీసిన తోటలు చాలా ఉన్నాయి. నేల మీద మాత్రం ఒక్కటీ లేదు. కాయితం మీద ఆమె చెట్లు పెట్టిన చోట ప్రతిసారీ పార్కింగు వచ్చేది.

"ఒక్కటన్న నిలవడాలె చెల్లె" అంది వెళ్లేముందు. నీడలోనే అంది.

భర్త కొమురెల్లి మల్కాజిగిరిలో రైల్వే ఉద్యోగి. రోజూ ఫోన్ రాగానే మెట్ల మీద కూర్చుని స్పీకరు పెట్టేవాడు. భవనంలో అందరం వినేవాళ్లం.

"ఏందయ్యా, ఎండ కనవడంగనే ఈళ్లు గడ్డి మీద పండుకుంటున్రు!"

"పండుకోనీ. మనకేంది?"

"మాడిపోతరు! ఇద్దర్ని చెట్టు కిందికి గుంజిన."

"ఏమన్నరు?"

"థాంక్స్ అన్నరు. ఆనెంక స్వెటర్లు ఏస్కున్నరు."

కొమురెల్లి నా వైపు చూశాడు. నేను మెట్ల వైపు చూశాను.

ఆమెకు కట్టడానికి ఇచ్చిన చోటు ఒక వృద్ధాశ్రమం వాకిలి. చుట్టూ ఎత్తు గోడలు. ఒక మూలకు మాత్రం పొద్దుటి ఎండ బాగా వస్తుంది. ఆ మూలన ఆస్ట్రిడ్ అనే ముసలావిడ కుర్చీ వేసుకుని కూర్చునేది.

"పాపం, గామెను పట్టించుకునెటోళ్లు లేరు చెల్లె. కండ్లు మూసుకొని ఎండల అట్లనే ఉంటది. రోజూ నేనే పోయి నీడకు గుంజుకొస్తున్న."

"ఆవిడ ఏమంటుందక్కా?"

"ఏమనదు. మంచిగ నవ్వుతది."

"కళ్లెందుకు మూసుకుంటుంది?"

"తల తిప్పుతుండచ్చు. ఎండ కాదా మరి!"

ఆ మూలనే తారామణి పందిరి వేసింది. నాలుగు గుంజలు, పైన చెక్క పట్టీలు, వాటి మీద ఆకుల తీగ. ఇదేమిటని అక్కడి మాస్టారు అడిగితే ఇంగ్లీషు మాట తట్టక 'పందిరి' అంది. వారం తిరిగేసరికి ఆ ఊళ్లో అందరూ దాన్ని పందిరి అనే పిలుస్తున్నారు. పరీక్షకులు వచ్చి కింద నిలబడి తలలెత్తి చూశారు. పట్టీల సందుల్లోంచి వెలుతురు పడే తీరుకు ముచ్చటపడ్డారు. ఉంచేయాల్సింది అదేనన్నారు. సోమవారం ఆమె పేరుతో పలక బిగిస్తామన్నారు.

కొమురెల్లి వీధి వీధంతా జిలేబీ పంచాడు.

"మా ఆమె పందిరి నార్వేల పర్మినెంట్ అయింది!" అని ఇంటింటికీ చెప్పాడు. తనకు ఉద్యోగం ఖాయమైనప్పుడు కూడా ఆయన అంత పొంగిపోలేదట.

శనివారం ఫోన్ వచ్చింది. గొంతు చిన్నగా ఉంది.

"పొద్దుగాల పోయిన. పందిరి కింద ముసలామె లేదు. ఆ కొసకు చెత్త డబ్బాల కాడ కూసున్నది, దుప్పటి కప్పుకొని. గాడ జానెడు ఎండ వడుతున్నది, గంతే. పా పోదాం అని చెయ్యి వట్టిన."

"వచ్చిందా?" అన్నాడు కొమురెల్లి.

"రాలే. నా చెయ్యే వట్టుకొని ఎండలకు గుంజింది. పక్కన కూసోవెట్టుకున్నది. అప్పుడు నర్సు వచ్చి చెప్పింది. చలికాలమంత ఆ వాకిట్ల ఎండన్నదే ఉండదంట. ఏడాది పొడుగూత ఈ రెండు నెలల కోసం ఎదురుచూస్తదంట. మంచిగ ఎండొచ్చే జాగ గా మూల ఒక్కటేనంట."

కొమురెల్లి ఫోన్ దగ్గరికి వంగాడు.

"మరి ఆమె ముందుగాలనే చెప్పొద్దా?"

"నేను అడిగిన్నా?"

పందిరిని ఇంకో మూలకు మార్చరాదా అన్నాను నేను.

"తక్కినయన్నీ నీడలనే ఉన్నయి చెల్లె. నీడకు పందిరేస్తరా ఎవలన్నా?"

"ఏం జేస్తవే మరి?" అన్నాడు కొమురెల్లి. "వీధంత జిలేబీ తిన్నది."

"అరిగిపోయింటది తియ్యి" అని ఫోన్ పెట్టేసింది.

మరునాడు ఆదివారం. మేము అన్నాలకు లేవబోతుంటే వీడియో కాల్ వచ్చింది. అక్కడ ఇంకా పొద్దున. ఫోన్‌ను దేనికో ఆనించి పెట్టినట్టుంది. సగం ఆకాశం, సగం ఎత్తుపీట కనిపించాయి. పీట మీద తారామణి కాళ్లు. పైనుంచి స్క్రూలు ఒక్కటొక్కటే రాలుతున్నాయి.

"ఏందే, ఇప్పుతున్నవా!"

"ఇప్పుతున్న."

"రేపు పలక వెడ్తరు గదనే!"

"పందిరుంటే కద."

స్వెటరు వేసుకున్న మాస్టారు వచ్చాడు. నిలబడి లేనిదాన్ని ఉంచలేమని, ఇంకొకరిది ఎంచాల్సి వస్తుందని నెమ్మదిగా చెప్పాడు. తెలుసన్నట్టు ఆమె తల ఊపింది. ఆయన కదులుతున్న పీటను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

కొమురెల్లి ఫోన్‌ను నా చేతికిచ్చి లోపలికి వెళ్లాడు. మంచినీళ్లు తాగి మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"ఆ చివరి పట్టీకి రెండు దిక్కుల స్క్రూలుంటయి, సూస్కో" అన్నాడు.

"చూసిన."

చివరి పట్టీ దిగింది. మూలంతా ఎండ పరుచుకుంది. తారామణి పీట దిగి తెర దాటి వెళ్లింది. దూరం నుంచి ఆమె గొంతు వినిపించింది. "పోదామా అవ్వా?" అని అడుగుతోంది. తెలుగులోనే అడుగుతోంది. జవాబు కోసం ఆగింది కూడా.

ఇద్దరూ మెల్లగా వచ్చారు. ఆస్ట్రిడ్ కుర్చీలో కూర్చుని ముఖం పైకెత్తి కళ్లు మూసుకుంది. తారామణి పక్కన ఎత్తుపీట మీద కూర్చుంది. ఆ ఎండను ఓర్చుకోవాలని కొంతసేపు పంతం పట్టింది. తర్వాత సంచిలోంచి గొడుగు తీసి విప్పింది.

ఇన్నాళ్లూ ఆమెకు నీడంటే పిచ్చి అనుకున్నాను. పిచ్చి పక్కనున్న మనుషులంటే.

గొడుగు నీడ ముసలావిడ భుజం మీద పడింది. తారామణి అది చూసి గొడుగును అవతలి చేతికి మార్చింది. అయినా అంచు తగులుతోంది. పీటను జరుపుకుంది. పొద్దు జరిగినప్పుడల్లా మళ్లీ జరుపుకుంది. మేము అన్నాలు తిని వచ్చేసరికి ఫోన్ తెరలో ఆస్ట్రిడ్ ఒక్కతే ఉంది, నిండు ఎండలో. అవతలి అంచున, ఎక్కడో దూరంగా, ఒక గొడుగు కొస కనిపిస్తోంది.