లేని కుక్కకు కట్టిన సంచి

అందరికీ తెలిసిన అబద్ధం అబద్ధం కాదని ఒక అభిప్రాయం ఉంది. మోసపోయేవాడే లేనప్పుడు మోసం ఎక్కడిదని ఆ పక్షంవారు అడుగుతారు. ఈ వాదం పైకి కనిపించేంత బలహీనమైనదేమీ కాదు. మర్యాద పేరిట మనం చేసే పనుల్లో సగం దానిమీదే నిలబడి ఉన్నాయి. మోనోంగహీలా నది ఒడ్డున, ఉక్కు మిల్లు ఎదుటి వీధిలో, స్టబ్లర్ హోటల్లో పందొమ్మిదేళ్లుగా వడ్డన చేస్తున్న వెర్నా హ్రాబాక్ ఆ అభిప్రాయాన్ని ఏనాడూ మాటల్లో పెట్టి ఎరగదు. అయినా 1967 వసంతం దాకా దానితోనే బతికింది.

ఆ హోటల్లో పళ్లెంలో మిగిలింది ఇంటికి తీసుకుపోదలచినవాళ్లు తమకు కట్టి ఇమ్మని అడిగేవారు కారు. "కుక్కకి కాస్త కట్టివ్వమ్మా" అనేవారు. అందుకు మైనం పూసిన కాగితం సంచి ఉండేది. దానిమీద ఎముక కరుచుకుని నవ్వుతున్న కుక్క బొమ్మ. దాని పేరూ కుక్క సంచే, డాగీ బ్యాగ్. తాము కొనుక్కున్న తిండిని రేపటికి దాచుకోవడం తప్పు కాదని ప్రతివాళ్లకూ తెలుసు. కానీ వాళ్లంతా ముప్ఫైల నాటి ఆర్థిక మాంద్యం రోజుల్లో ఉచిత సూపు కోసం వరుసలో నిలబడ్డవారి బిడ్డలు. ఆకలి అన్నది నలుగురిలో ఒప్పుకునే సంగతి కాదు. కనుక దాన్ని కుక్కమీదికి తోసేవారు. "మా కుక్కకి ఉల్లిపాయ పడదు, ఆపిల్ పై ముక్క అయితే ఇష్టంగా తింటుంది" అనేదొకావిడ. "అలాగేనండీ, పైన క్రీమ్ వేసుకుంటుందా మీ కుక్క?" అని వెర్నా పెదవి కదలకుండా అడిగేది.

ఏమ్స్ మాస్టారు ఆ ఊళ్లో సగంమందికి భూగోళం చెప్పి, పని మానుకున్నవాడు. భార్య లేదు. ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చునేవాడు. పళ్లెంలోని మాంసాన్ని, పటంమీద సరిహద్దు గీసినట్టు, నట్టనడుమ కోసేవాడు. ఇవతలి సగం తిని, అవతలి సగం తన కుక్క బస్టర్‌కు కట్టించుకునేవాడు. బస్టర్ చచ్చిపోయి అప్పటికి మూడేళ్లు. నేల గడ్డకట్టిన రోజున గొయ్యి తవ్వడానికి గునపం పట్టుకుని వెళ్లింది వెర్నా మొగుడు. పక్కన నిలబడింది వెర్నా. ఆ మరుసటి ఆదివారమే మాస్టారు పళ్లెం సగానికి కోసి, "బస్టర్‌కి కట్టివ్వు వెర్నా" అన్నాడు. "అలాగే మాస్టారూ" అందామె. తన జీవితంలో చేసిన మంచిపనులు లెక్కకు వస్తే ఆ ఒక్కమాట ముందుంటుందని ఆమె నమ్మకం.

1967 ఫిబ్రవరిలో ఓర్విల్ అనే కొత్త వంటవాడు వచ్చాడు. వేటకుక్కలు పెంచేవాడు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం మాస్టారు సంచి అడుగుతూ, గొంతు కాస్త తగ్గించాడు.

"వంటాయనకి చెప్పు వెర్నా, పోయినవారం వేసిన పోర్క్ చాప్ భేషుగ్గా ఉంది. అంటే, బస్టర్‌కి నచ్చింది. నేను అడక్కుండానే వేస్తున్నాడు. నా దగ్గర చదువుకున్నవాడా ఏమన్నా?"

వెర్నా వంటింట్లోకి వెళ్లింది. ఓర్విల్ సంచి నింపుతున్నాడు.

"చూడు తల్లీ, మీ మాస్టారి కుక్క ఎంత అదృష్టం చేసుకు పుట్టిందో! నాలుగో టేబుల్ పిల్లాడు కొరికి పడేసిన చాప్, ఆ లావుపాటి ఇన్సూరెన్సు ఆసామి చీకి పెట్టిన ఎముకలు, అన్నీ వేశా."

"ఎప్పట్నించీ ఈ ధర్మం?"

"వచ్చిన దగ్గర్నుంచీ. ఏం, కుక్కకి ఎంగిలేంటి?"

"అది ముసలిది. కడుపుకి పడదు. ఆయన మిగిల్చిందే కట్టు."

"పడకపోతే మెత్తగా తరిగేస్తాలే. నోరులేని జీవం నోటికాడ కూడు లాక్కుంటావా? నీకు దయ లేదు వెర్నా!"

గ్రేవీ కారుతోందని వంక పెట్టి ఆ సంచి పారేసి, మరొకటి తానే నింపి ఇచ్చింది. కానీ ఒకవారం విడిచి ఒకవారం ఆదివారాల్లో కిటికీ పక్క టేబుళ్లు చూసేది రెండో వడ్డనమనిషి ఐరీన్. ఓర్విల్‌కు అసలు సంగతి చెబితే సోమవారం పొద్దుటికి మంగలిషాపులో మాస్టారి ఆకలి చర్చకు వస్తుంది. చెప్పకపోతే ఆ పెద్దమనిషి ఊరివాళ్ల ఎంగిలిని పాతశిష్యుడి కానుకనుకుని తింటూ ఉంటాడు.

ఓర్విల్ దుర్మార్గుడు కాడు. ఆ హోటల్ మొత్తంలో కుక్క ఉందన్న మాటను నమ్మినవాడు అతనొక్కడే. అందరికీ తెలిసిన అబద్ధానికి ఆయువు ఆ 'అందరూ' అన్నదానిలో ఉంటుంది. తెలియనివాడు ఒకడు లోపలికి రాగానే అది మామూలు అబద్ధమైపోతుంది. కీడు కూడా మామూలుగానే చేస్తుంది. వెర్నాకు ఇది ఇంత స్పష్టంగా తోచిందని చెప్పలేను. రెండు వారాలు ఆమెకు తిండి సయించలేదు, అంతే.

తన వంతు ఆదివారం రాగానే ఆమె తెల్ల కాగితం, దారం పట్టుకుని మాస్టారి టేబుల్ దగ్గరికి వెళ్లి, అక్కడే పొట్లం కట్టడం మొదలుపెట్టింది.

"సంచులు అయిపోయాయా?"

"ఉన్నాయి మాస్టారూ. సంచులు వంటింట్లోకి వెళ్తాయి. కుక్కలకే కదా అని అక్కడ వంటాయన అందరి పళ్లేల్లోవీ ఊడ్చి వేస్తున్నాడు. ఫిబ్రవరి నుంచీ."

ఆయన చేతిలోని రుమాలు మడత విప్పి, మళ్లీ మడిచాడు. "చాప్ కూడానా?"

"చాప్ కూడా."

"పోనీలే. బస్టర్‌కి అవన్నీ ఏం…"

పాత అబద్ధంలోకి తిరిగి పోవడానికి తలుపు తెరిచే ఉంది. ఆమె ఊ అంటే చాలు. "బస్టర్ లేదు కదా మాస్టారూ. గొయ్యి దగ్గర నేనూ ఉన్నాను. ఇది రేపు మీరు తినడానికి. అందుకే మీ కళ్లముందు కడుతున్నా."

ఆయన రుమాలు టేబుల్‌మీద పెట్టాడు.

"నాలుగో తరగతిలో నిన్ను నిలబెట్టాను. పటంలో నది తప్పు గీశావని."

"తప్పే గీశాను మరి."

"అందరిముందూ నిలబెట్టాల్సింది కాదు."

అది క్షమాపణో, ఎత్తిపొడుపో వెర్నాకు తెలియలేదు. ఆయన పొట్లం టేబుల్‌మీదే వదిలి లేచాడు. కోటు తొడుక్కున్నాక వెనక్కి వచ్చి తీసుకున్నాడు.

అయిదు ఆదివారాలు రాలేదు. ఆరో ఆదివారం వచ్చి, ఆవేళ ఐరీన్ చూసే గోడపక్క టేబుల్ దగ్గర కూర్చుని, సూపు తెప్పించుకుని, మిగల్చకుండా తాగి వెళ్లాడు.

"ఏమ్మోయ్, మీ మాస్టారు నా పక్కకి దూకాడు! ఏమన్నావే ఆయన్ని?" అంది ఐరీన్.

"నిజం చెప్పా."

"ఆదివారం పూటా? నీకేం పోయేకాలం?"

వెర్నా తన టేబుళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. మాస్టారి దగ్గరికి వెళ్లి బతిమాలలేదు, ఓర్విల్‌కు ఆయన సంగతి చెప్పనూ లేదు. ఆ రోజు నుంచి తన టేబుళ్ల దగ్గర కుక్క మాట తాను ఎత్తడం మానేసింది. పళ్లెంలో మిగిలి ఉంటే, "రేపటికి కట్టివ్వనా?" అని అడిగి, వాళ్లు చూస్తుండగానే తెల్ల కాగితంలో కట్టి ఇచ్చేది. కొందరు వద్దన్నారు. కొందరు చుట్టూ చూసి సరేనన్నారు. కుక్క సంచే కావాలని పట్టుబట్టినవాళ్లకు అందులో వంటిల్లు ఏమేమి వేస్తుందో ముందు చెప్పి, ఆపైన సంచి ఇచ్చేది.